ఉతకని సోమవారం

వార్తలు అయిపోయాయి, వాతావరణం చెప్పే అతను ఉత్తరాన జల్లులు పడతాయని మ్యాపు మీద చెయ్యి ఊపి తప్పుకున్నాడు, ఇక వచ్చేది మన సీరియలే అనుకోగానే థెల్మా తినడం ఆపేసింది. ఒళ్లో ప్లేటు, ప్లేటులో వీధి చివరి కొట్టు నుంచి అమ్మ తనే వెళ్లి తెచ్చిన బంగాళాదుంప ప్యాటీ, ఒక మూల కొరికింది కొరికినట్టే ఉంది. తినకపోతే అమ్మ అడుగుతుంది, తింటే బయటికొస్తుంది. నలభై ఆరేళ్ల మనిషి, పాతికేళ్లుగా నటిస్తున్న మనిషి, సోమవారం సాయంత్రం దేశంలో సగం ఇళ్లవాళ్లు కుర్చీలు జరుపుకుని ఎవరి కోసం కూర్చుంటున్నారో ఆ ముగ్గురిలో ఒకతె, తెర మీద తను బతుకుతుందో చస్తుందో తెలుసుకోవడానికి ఇంగ్లండు తూర్పు తీరాన హల్ ఊళ్లో హెసిల్ రోడ్డు పక్కసందులో, అమ్మ ముందుగదిలో, అమ్మ అద్దెకు తెచ్చుకున్న టీవీ ఎదురుగా కూర్చోవాలా? కూర్చోవాలి మరి. ముగ్గురి చావు సీన్లూ తీశారు. గ్వెండా చావు ఒక రోజు, రోజలిన్ చావు మర్నాడు, తన చావు ఆఖరున. ఏది వేస్తారో ముగ్గురిలో ఎవరికీ చెప్పలేదు. మీకే తెలియకపోతే పత్రికలవాళ్లకి ఎలా తెలుస్తుంది అన్నాడు నిర్మాత లెన్నీ, గొప్ప తెలివైన మాట అన్నట్టు. వచ్చే ఏడాది ఇద్దరికే పని. ఆ ఇద్దరూ ఎవరో ఈ గంట చివర ఊరందరితో పాటు వాళ్లూ చూసి తెలుసుకోవాలట. ఇంతకంటే ముగ్గురినీ వరసగా నిలబెట్టి పుల్లలు లాగించినా మర్యాదగా ఉండేది.

మొదలైంది. అల్లికసూదుల టకటక, దాని కింద డప్పు, ఎర్రటి ఉన్నితో అల్లిన అక్షరాలు, త్రీ ప్లై. మూడు పోగులు పేనిన దారం. రేవు ఊళ్లో ముగ్గురు ఆడవాళ్లు నడిపే ఉన్ని దుకాణం, గల్లాపెట్టె వెనక తలుపు తీస్తే పోలీసుల గది. రోజలిన్ మారువేషంలో ఏ బార్‌లోనో గ్లాసులు కడిగే పిల్లగా పోతుంది, గ్వెండా నర్సుగా పోతుంది, థెల్మా వేసే హిల్డా మాత్రం ఎక్కడికి పోయినా అల్లిక పట్టుకుని ఓ మూల కూర్చుంటుంది, అంతే. నలభై దాటిన ఆడది మూల కూర్చుంటే మగాళ్ల కంటికి ఆనదు, కుర్చీని చూసినట్టే చూసి దొంగతనాలూ దోపిడీలూ ఆమె ముందే మాట్లాడేసుకుంటారు. ఆమె వరస తప్పకుండా అల్లుకుంటూ మొత్తం వినేస్తుంది. మొదటి ఏడు అందరూ నవ్వారు. ఉన్ని ఉండలతో దొంగల్ని పడతారా అని పత్రికలవాళ్లు వెటకారం చేశారు. రెండో ఏటికి ఉన్ని కొట్లలో ఆడవాళ్లు హిల్డా స్వెటర్ నమూనా ఇమ్మని అడగడం మొదలుపెట్టారు. "ఆ టోపీ నీకు నప్పలేదే," అంది అమ్మ, కళ్లు తెర మీంచి తియ్యకుండా. "నా టోపీ కాదమ్మా, హిల్డాది." "హిల్డాకీ నప్పలేదు." అమ్మ ఎడ్నా అంటే హెసిల్ రోడ్డులో తెలియనివాళ్లు లేరు, డెబ్బై దాటినా నోరు ఏమీ తగ్గలేదు, చేపల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు కత్తి పట్టిన చేయి, నోటికీ అదే పదును. కూతురి నాటకం తను చూడనని ఊరంతా చెప్పుకు తిరుగుతుంది. ఎప్పుడైనా టీవీ పెట్టి ఉంటే అటు కళ్లు పడతాయంతే అంటుంది. కళ్లు పడటానికి కళ్లద్దాలు తుడిచి మరీ కూర్చుంది ఈ పూట.

హిల్డా రాకముందు తనేం వేసిందో చెప్పుకోవడానికి పెద్దగా లేదు. టీ పోసే భార్య. టీ పోసే నర్సు. టీ పోసి, వానొచ్చేలా ఉందండీ అని వెళ్లిపోయే ఇల్లద్దెకిచ్చే ఆవిడ. ఇంకా శవాలు. శవం వేషానికి థెల్మా ఆక్స్‌టోబీని మించినవాళ్లు లేరని లండన్‌లో ఒక పేరుండేది, ఏజెంటు ఆ మాట ఎంత గర్వంగా చెప్పేవాడంటే ఆమెకి ఫోను పెట్టేశాక ఏడుపొచ్చేది. కాలవలో తేలిన శవం, గ్రంథాలయంలో శవం, రైలు పెట్టెలో సీటు కింద శవం. కెమెరా ఎంతసేపు దగ్గరగా ఉన్నా ఛాతీ కూడా కదలదు. ఎక్కడ నేర్చుకున్నావని ఒకాయన అడిగితే మా నాన్న పక్కన అంది, ఆయన జోకనుకుని నవ్వాడు. జోకేం కాదు. నాన్న చేపల ఓడ మీద ఐస్‌లాండ్ దాకా పోయేవాడు, వారాల తరబడి చలిలో నిద్ర లేక, వచ్చాక ఇంట్లో ఉండేది మూడే రోజులు. అందులో ఒక రోజంతా నిద్రే. పిల్ల చప్పుడు చేస్తే అమ్మ చంపేసేది. కాబట్టి పిల్ల వెళ్లి నాన్న పక్కన, గోడవైపు, ఊపిరి బిగబట్టి పడుకునేది. నాన్న ఒంటి మీద ఎంత తోమినా పోని చేపనూనె వాసన. ఆయన ఊపిరి తీసినప్పుడే తనూ మెల్లిగా తీసేది, ఆయన వదిలినప్పుడే వదిలేది. రేవులో ఓడ కూత వినబడితే మాత్రం నాన్న కళ్లు టక్కున తెరిచేవాడు, తనూ తెరిచేది. కూత వచ్చిందంటే నాన్న వెళ్లిపోతాడని అర్థం. ఆయన ఓడెక్కే రోజున అమ్మ చెయ్యి ఊపదు, గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగి తలుపేసుకుంటుంది. చెయ్యి ఊపితే అలే వచ్చి తీసుకుపోతుందట. ఆ రోజు బట్టలు ఉతకదు, టీ కప్పు కూడా కడగదు. ఉతికితే ఆ నీళ్లతో పాటు మనిషి కొట్టుకుపోతాడట. ఈ వీధిలో ఆడవాళ్లంతా అంతే. పదిహేనేళ్లప్పుడు థెల్మా వాళ్లని చూసి పడీపడీ నవ్వింది, అట్లాంటిక్‌లో అలలకి మన సబ్బుతో ఏం పని అని అడిగింది, అమ్మ చేతిలోని తడిగుడ్డతో వీపు మీద ఒక్కటిచ్చింది. ఇరవై రెండేళ్లు సముద్రం మీద తిరిగిన మనిషి ప్రతిసారీ ఇంటికొచ్చాడా లేదా అని ఇప్పటికీ అడుగుతుంది అమ్మ. వచ్చాడు. చివరికి ఆస్పత్రి మంచం మీద, పొడి దుప్పట్లో, ఊపిరితిత్తులు పాడై పోయాడు.

ప్రకటనలు. సబ్బుపొడి, కుక్కబిస్కట్లు, మళ్లీ సబ్బుపొడి. టీ పెట్టుకొస్తానని వంటింట్లోకి వచ్చిన థెల్మా సింకు దగ్గర ఆగిపోయింది. పొద్దుటి కప్పులు, నిన్న రాత్రి పళ్లేలు ఒకదాని మీద ఒకటి, కుళాయి కింద ఎండిపోయి ఉన్నాయి. మూల బుట్టలో దుప్పట్లు, తువ్వాళ్లు, తను రైలు దిగి విప్పిన జాకెట్టు, అన్నీ కలిపి కుక్కి ఉన్నాయి. వెనక కిటికీలోంచి చూస్తే మే నెల వెలుతురు ఇంకా పోలేదు, సోమవారం ఈ ఊళ్లో అందరికీ ఉతుకుడు రోజు, సందు పొడుగునా అన్ని ఇళ్ల తాళ్ల మీద బట్టలు గాలికి ఎగురుతున్నాయి, అమ్మ తాడు ఒక్కటే ఉత్తగా ఊగుతోంది. మధ్యాహ్నం వచ్చేటప్పుడు పక్కింటి మిసెస్ స్టాథర్స్ గుమ్మంలో పట్టుకుని గొంతు తగ్గించి చెప్పింది కదా, "మీ అమ్మ ఇవాళ ఉతకలేదమ్మా, ఒంట్లో ఎలా ఉందో కాస్త చూడు." యుద్ధంలో బాంబులు పడ్డ వారం కూడా సోమవారం ఉతికిన మనిషి. నాన్నని పూడ్చిపెట్టిన వారం కూడా ఉతికింది. మతిమరుపు మొదలైందా, చేతులు నొప్పులా, చెప్పకుండా దాస్తోందా? థెల్మా టీ డికాక్షన్ దిగేదాకా ఆ ఖాళీ తాడునే చూస్తూ నిలబడింది, హిల్డా పోతే పని పోతుంది, పని పోతే లండన్‌లో గది ఎందుకు, ఇక్కడికే వచ్చేస్తే సరిపోతుందేమో, అమ్మకీ తోడు, అనుకుని, అనుకున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. పని పోతుందన్న దిగులుకి అమ్మ ముసలితనాన్ని సాకు చేసుకోవడమా? "మొదలైందే!" అని ముందుగదిలోంచి అరిచింది అమ్మ. చూడనిది కదా.

తెర మీద హిల్డా ఐసు గోడౌన్‌లో గోనెబస్తాల వెనక కూర్చుని వింటోంది. ఎంత బాగా వింటోందో. ఈ వినడం తనకి ఎక్కడిది? నాన్న పక్కన పడుకుని ఊపిరి విన్నదే ఇది. తను ఇంతకాలం శవాల మీద ఖర్చుపెట్టినదాన్ని హిల్డా బతికున్న మనిషికి వాడింది, అందుకే ఆమె అంటే ఇంత ఇష్టం, ఒప్పుకోవడానికి సిగ్గేముంది, మొగుడి మీద కూడా ఇంత ఇష్టం లేదు. ఆ మొగుడు మొదటిసారి ఈ ఇంటికి వచ్చి, వెళ్లేటప్పుడు అమ్మ చెయ్యి ఊపకుండా తలుపేసుకోవడం చూసి, మీ అమ్మది రాతిగుండె అన్నాడు రైల్లో. లండన్ మనిషి, వాడికేం తెలుసు? విడిపోయి ఎనిమిదేళ్లు. అదిగో గ్వెండా, నర్సు టోపీలో. గ్వెండా ఇప్పుడు తన పిల్లలతో కూర్చుని చూస్తూ ఉంటుంది, రోజలిన్ ఏ ప్రియుడి ఇంట్లోనో ఉంటుంది. ఫోన్లు చేసుకోకూడదని ముగ్గురూ ఒట్టేసుకున్నారు. ఏడ్చేది ఒకరు, సంతోషం దాచుకునేది ఇద్దరు, ఎందుకొచ్చిన బాధ అంది గ్వెండా. రోజలిన్ వయసు ఇరవై ఆరు. ఇది కాకపోతే ఇంకోటి దొరుకుతుంది ఆ పిల్లకి. అలా అనుకోవడం తప్పు. తప్పే, కానీ అనుకుంది.

షూటింగ్ చివరి రోజు తన వంతు వచ్చింది. గ్రిమ్స్‌బీ రేవులో రాళ్ల మెట్ల మీద, సముద్రం పోటు మీదుంది, నీళ్లు ఒక్కో మెట్టే ఎక్కుతున్నాయి, వెలుతురు పోతోంది. ఒక్కసారే తీయగలం థెల్మా, అన్నాడు దర్శకుడు క్లైవ్, నువ్వు కాబట్టి ధైర్యం, శవాల రాణివి. తుపాకీ పేలింది, ఆమె పడింది, చెంప కింద తడిరాయి, నాచు వాసన, కెమెరా మొహం మీదికి వచ్చి ఆగింది. కట్ అనేదాకా కదలకూడదు, అది ఈ వృత్తిలో మొదటి పాఠం. క్లైవ్ అనడు. ఎంతకీ అనడు. ఊపిరి బిగబట్టి ఆమె నాన్న పక్కకి వెళ్లిపోయింది, గోడవైపు, వెచ్చగా. అప్పుడు దూరంగా, రేవు బయట, ఏదో ఓడ కూత పెట్టింది. రెప్ప కొట్టుకుంది. చాలా చిన్నగా. కట్ అన్నాక అందరూ చప్పట్లు కొట్టారు. షాటుకీ షాటుకీ పొంతన చూసే నెరిస్ ఒక్కతే దగ్గరికొచ్చి, "థెల్మా, నీ కుడి కన్ను..." అంది. థెల్మా క్లైవ్ దగ్గరికి పరిగెత్తి చెప్పింది. ఆయన మెట్లని మింగేసిన నీళ్ల వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "ఎవడికి కనబడుతుంది? కూత తీసేద్దాం, మిగతాది గాలి అనుకుంటారు." తిరుగు దారిలో బస్సులో ఆమెకి ఒకటే ఆలోచన. ఇన్ని శవాలు వేసి, తన సొంత చావు సరిగ్గా చావలేకపోయింది. తనదే గనక వేస్తే ఆ రెప్ప కూడా వేస్తారు, దేశమంతా చూస్తుంది, థెల్మా ఆక్స్‌టోబీకి శవం వేషం కూడా రాదంటారు. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు, అమ్మకి కూడా.

మూడో భాగం కారుతో మొదలైంది. రేవు దగ్గర ఆపిన కారులో ముగ్గురూ, అద్దాల మీద ఆవిరి, ఫ్లాస్కులో టీ. థెల్మా ప్లేటు కింద పెట్టేసింది. ఈ సీను కూడా మూడుసార్లు తీశారు. చచ్చేదెవరో ఆమె టీ పూర్తిగా తాగదు. వచ్చాక తాగుతా అని కప్పు పక్కవాళ్లకి ఇచ్చి దిగుతుంది. రాసినవాడు అదేదో తన సొంత కల్పన అనుకుంటున్నాడు, నిజానికి వచ్చాక తాగుతా అన్నవాళ్లెవరూ టీవీలో వచ్చి తాగిన దాఖలా లేదు, చిన్నపిల్లలకి కూడా తెలుసు. తెర మీద రోజలిన్ కప్పు ఎత్తి గటగటా తాగేసింది. గ్వెండా ఊదుకుంటూ ఊదుకుంటూ, దేవుడా, తాగేసింది. కెమెరా హిల్డా వైపు తిరిగింది. హిల్డా కప్పు పట్టుకుంది, ఒక్క గుక్క తాగింది, రోజలిన్ చేతిలో పెట్టింది. "చల్లారనివ్వకు పిల్లా, వచ్చి తాగుతా." అమ్మ కుర్చీ కిర్రుమంది. "అయ్యో, ఆ మాటెందుకు అన్నావే," అంది అమ్మ, తెరతో కాదు, ఇటు తిరిగి, కూతురి మొహంలోకి చూసి, ఐదేళ్ల పిల్ల పాలగిన్నె ఒలకబోసినట్టు. "నేననలేదమ్మా, రాసిచ్చారు." "రాసిస్తే మాత్రం అనడమేనా!"

మళ్లీ ప్రకటనలు. అయితే తనే. తేలిపోయింది. ఇంత చప్పుడు లేకుండా తేలిపోతుందనుకోలేదు, కాళ్ల కింద నేల అలాగే ఉంది, గదిలో చలికాచుకునే గ్యాసు పొయ్యి అలాగే బుసకొడుతోంది, తెర మీద ఎవరో పిల్లాడు బిస్కట్టు తింటున్నాడు. మళ్లీ టీ పోయాలి అన్నమాట. టీ పోసేవాళ్ల తల్లుల వేషాలు వస్తాయిప్పుడు. ప్లేటు మళ్లీ అందుకుని ప్యాటీ ముక్క నోట్లో వేసుకుంది. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, "అమ్మా, ఇవాళెందుకు ఉతకలేదు?" అంది. "నడుం నొప్పి." "నిన్న చర్చికి నడిచెళ్లిన నడుమేగా." "నిన్న లేదు. ఇవాళుంది." "కప్పులు కడగడానికి కూడానా?" అమ్మ కళ్లద్దాలు తీసి తుడిచింది, తుడిచినవే మళ్లీ తుడిచింది. "పొద్దున్నే స్టాథర్స్ ఆవిడ కూడా ఇదే గోల. నా బట్టలు నా ఇష్టం. ఇవాళ ఉతకను, అంతే. రేపు ఉతుకుతా. నీకేం పోయింది?" అని మొహం తిప్పుకుంది, ఆ తిప్పుకోవడం థెల్మా ఎక్కడో చూసింది, ఎన్నోసార్లు చూసింది, గుమ్మంలో, నాన్న సందు మలుపు తిరుగుతుంటే చెయ్యి ఊపకుండా వెనక్కి తిరిగే ఆ భుజం. అప్పుడు తెలిసింది. మతిమరుపూ కాదు, నొప్పీ కాదు. అమ్మకి ఇవాళ ఓడ బయల్దేరే రోజు. ఈ ముసలిది పొద్దుట నుంచీ నీళ్లు ముట్టుకోకుండా కూర్చుంది, కూతురు కొట్టుకుపోకూడదని. వీధంతా ఏమనుకున్నా సరేనని. పాతికేళ్లుగా తను లండన్ రైలెక్కిన ప్రతిసారీ ఆ రోజు ఈ ఇంట్లో కప్పు కడగలేదేమో, ఎవరు చూశారు, తను వెళ్లిపోయేది కదా. థెల్మాకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చి ముక్కులోకి పోయాయి. చెయ్యి చాచి అమ్మ చెయ్యి పట్టుకుంది. కత్తిగాట్లతో గరుకుగా, పొడిగా ఉంది. విడిపించుకుంటుందనుకుంది, విడిపించుకోలేదు. పోతే పోయింది వేషం. ఇంతకాలం టీ పోసి బతికింది, ఇంకొంతకాలం పోస్తుంది, లేదా ఏ చిన్న ఊళ్లోనో నాటకాల బండిలో తిరుగుతుంది, హిల్డా నేర్పిన వినడం ఎక్కడికీ పోదు కదా. తనకోసం ఒకరు ఒక రోజంతా నీళ్లు ముట్టుకోలేదు, అది తెలిసిన మనిషి మునిగిపోదు. ఈ ఆలోచనకి ఆమెకే ఆశ్చర్యం వేసింది, పొద్దుట రైల్లో గోళ్లు కొరుక్కుంటూ వచ్చింది ఈ మనిషేనా?

రాళ్ల మెట్లు. నీళ్లు. వాన రంగు ఆకాశం. హిల్డా మెట్లు దిగుతోంది, చేతిలో అల్లిక సంచి, వెనక గోడ చాటున తుపాకీ. అమ్మ వేళ్లు బిగుసుకున్నాయి. పేలింది. పక్కింట్లోంచి, పల్చటి గోడ అవతల, మిసెస్ స్టాథర్స్ కెవ్వుమంది. హిల్డా పడింది, సంచిలోంచి ఎర్ర ఉన్ని ఉండ దొర్లి మెట్టు మెట్టూ దిగి నీళ్లలో పడింది, కెమెరా మొహం దగ్గరికి వచ్చింది, ఆగింది. సంగీతం లేదు, ఏమీ లేదు. థెల్మా తన మొహాన్ని తను చూసుకుంది. బాగానే పోయింది పాపం. ఇంకాసేపు. ఇంకాసేపు. కట్ అనవేం క్లైవ్. ఊపిరి బిగబట్టింది ఇక్కడ కూడా, ఎందుకో తెలియదు, తెర మీది ఆమెకి తోడుగా కాబోలు. అప్పుడు, ఏ ఓడా కూత పెట్టకుండానే, కుడిరెప్ప కొట్టుకుంది.

"కదిలింది!" అమ్మ లేచి నిలబడింది. "కదిలిందే! కన్ను కదిలింది! బతికే ఉంది!" "అది..." తప్పమ్మా, అనబోయింది థెల్మా. గోడ మీద దబదబా చప్పుడు. "ఎడ్నా! చూశావా! చావలేదు!" "చూశా! నేనే ముందు చూశా!" అని గోడకి సమాధానం చెప్పింది అమ్మ. పేర్లు పడుతున్నాయి తెర మీద, ఎర్ర ఉన్ని అక్షరాలు పైకి పోతున్నాయి, బయట సందులో ఎవరో తలుపు తీశారు, ఇంకెవరో తీశారు, అవతలి వీధి నుంచి కూడా అరుపులు వినబడుతున్నాయి, చావలేదంట, కన్ను కొట్టిందంట, దొంగచావంట, హిల్డానా మజాకానా, మారువేషం కాదూ. ఎవడికి కనబడుతుంది అన్నాడు క్లైవ్. మూల కూర్చున్న ఆడదాన్ని చూడనివాడు అలాగే అంటాడు. చూసేవాళ్లంతా మూల కూర్చున్నవాళ్లేనని వాడికేం తెలుసు?

నడవలో ఫోను మోగింది. ఎత్తితే లెన్నీ, వెనకాల ఇంకా ఎన్నో ఫోన్ల మోత, గొంతు పీలగా వస్తోంది. "థెల్మా, ఇక్కడ లైన్లన్నీ జామ్. ఒక్కటే మాట, హిల్డా బతికే ఉందిగా అంటున్నారు, పెట్టేసేలోపు ఇంకొకరు. పై వాళ్లు అడుగుతున్నారు. నాకు నిజం చెప్పు. ఆ కన్ను, కావాలనే చేశావా?" థెల్మా గోడకి ఆనుకుంది. నాన్న పక్కన పడుకుని విన్న కూత చెప్పాలా ఇతనికి? హిల్డా అయితే ఏం చేస్తుంది? వరస తప్పకుండా అల్లుకుంటుంది, నోరు విప్పదు. "ఏ కన్ను, లెన్నీ?" అంది. అవతల లెన్నీ మెల్లిగా నవ్వడం మొదలుపెట్టాడు. "రేపు పొద్దున్న ఆఫీసుకి రా. రాసేవాణ్ణి కూడా పిలుస్తున్నా. నిన్ను నీళ్లలోంచి ఎలా తియ్యాలో వాడే చూసుకుంటాడు."

ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి అమ్మ ముందుగదిలో లేదు. వంటింట్లో కుళాయి ధారగా పడుతోంది. గౌను చేతులు మోచేతుల దాకా మడిచి, సింకు నిండా నురగలో దుప్పటి ముంచి, మీద థెల్మా జాకెట్టు పడేసి, ఎడ్నా గట్టిగా రుద్దుతోంది. "అమ్మా, ఇప్పుడా? రేపన్నావు కదా." "ఏం, సోమవారం ఇంకా అయిపోలేదుగా," అంది అమ్మ, తల ఎత్తకుండా. "నిలబడి చూస్తావేం, ఆ క్లిప్పులందుకో."